పేరు అడిగితే చెప్పాలి, నంబరు అడిగితే ఆగాలి

మా తమ్ముడి కూతురు శ్రావణికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. జనం వివరాలు పోగుచేసి దాచే కంపెనీ అట. మిఠాయి డబ్బా పట్టుకుని జగిత్యాలలో మా ఇంటికి వచ్చి, "పెద్దబాపూ, నువ్వు గూడ డేటాలనే చేసినవట గదా. జర నీ అనుభవాలు చెప్పు" అంది. నేను టెలిఫోన్ల శాఖలో డైరెక్టరీ, ఎంక్వయిరీ సెక్షన్లో పనిచేశాను. కోరుట్లలో మొదలుపెట్టాను, సిరిసిల్లలో ఎక్కువ కాలం ఉన్నాను, జగిత్యాలలో రిటైరయ్యాను. నేను చేసేది డేటా పని అని సర్వీసులో ఉండగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం ఒక ఫ్యాను అడిగేవాణ్ని. ఆ ఫ్యాను సంగతి ముందు ముందు వస్తుంది.

సరేనని అనుభవాలు మొదలుపెట్టాను. నేను మాట్లాడుతుండగానే ఆ పిల్ల తన ఫోను చూసుకుంది, ఒకసారి నవ్వింది కూడా. నేను నవ్వే మాట ఏమీ చెప్పలేదు. అందుకే నోటితో చెప్పడం మాని రాస్తున్నాను. శ్రావణికీ, ఆమెలాగ ఈ పనిలోకి కొత్తగా వెళ్లే పిల్లలకూ పనికొస్తుంది. ప్రమోషన్ల గురించి రాయను. రావలసినవి రాలేదు, అంతే.

సులోచన ఫోను ఎవరూ ఎత్తలేదు

ఇదంతా రాయడానికి అసలు కారణం సులోచన. సిరిసిల్లలో నాతో పనిచేసిన లైన్‌మన్ మల్లేశం భార్య. మల్లేశం చనిపోయాక ఆమె కుట్టు మిషన్లు పెట్టుకుని, ఇంకో నలుగురు ఆడవాళ్లను కలుపుకుని బడి పిల్లల యూనిఫాంలు కుడుతోంది. బట్ట సిరిసిల్లలోనే దొరుకుతుంది. ఆర్డర్లు జగిత్యాల, కోరుట్ల షాపుల నుంచి వస్తాయి. ఎండాకాలంలో ఆర్డరు దొరికితేనే ఆ అయిదు ఇళ్లకూ ఏడాది గడుస్తుంది.

పోయిన ఎండాకాలం ముందు ఆమె పాత ఫోను బస్సులో పోయింది. సిమ్ము మల్లేశం పేరు మీద ఉంది, ఆయన లేడు, కాబట్టి ఆ నంబరు మళ్లీ ఇవ్వలేదు. కొత్త నంబరు తీసుకుంది. ఆ నంబరు ఇంతకుముందు ఎవడిదో. వాడు ఫోనులో దొరికే అప్పులన్నీ తీసుకుని, నంబరు పారేసి మాయమయ్యాడు. ఫోను మోగినప్పుడు పేరు చూపించే యాప్ ఒకటి ఉంది కదా, అది ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది. అందులో ఆ నంబరుకు "లోన్ ఫ్రాడ్" అని ఎర్ర రంగులో వస్తుంది. కనుక సులోచన ఎవరికి చేసినా అవతల ఫోనులో "లోన్ ఫ్రాడ్" మోగుతుంది. ఎవరు ఎత్తుతారు?

జగిత్యాలలో ఆమెకు పెద్ద ఆర్డరు ఇచ్చే గంగాధర్ సేటు కూడా ఎత్తలేదు. ఆమె బస్సెక్కి వచ్చి ఆయన షాపు ముందు నిలబడింది. ఆయన భయపడి చెప్పిన మాట ఇది: "నువ్వా సులోచనమ్మా! ఎర్రగ అస్తుంటె ఎవడో దొంగ అనుకొని కట్ చేస్తున్న. నువ్వు మానేసినవేమొ అనుకొని కరీంనగర్ పార్టీతోని మాట్లాడుతున్న గదా." ఆ పార్టీతో ఇంకా ఖాయం కాలేదు, కొన్ని రోజులు ఆగుతానని సేటు మాటిచ్చాడు. తన ఫోనులో ఆమె పేరు రాసుకున్నాడు. కానీ మిగతా షాపులన్నీ? కొత్తగా అడిగే బడులు?

అక్కడి నుంచి ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది.

"ఇంకో నంబరు తీసుకోరాదు?" అన్నాను.

"తీసుకుంట అన్నా. గది ఎవలి పాపమో ఏమెరుక?" అంది. చేతిలో ఫోను చూసుకుంటూ, "మల్లేశం స్తంభాలెక్కి ఊరందరికి ఫోన్లు ఇచ్చిండు. ఇయ్యాల నా ఫోను లేపెటోడు లేడు" అంది.

నా మీద పడ్డ అవమానాలను నేను మర్చిపోను, అది నా స్వభావం. ఇది నా మీద పడింది కాదు. అయినా నేను తీసుకున్నాను.

కోరుట్లలో నర్సయ్య గొంతు

ఆ యాప్ కొత్తదేమీ కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కోరుట్లలో అది మనిషి రూపంలో ఉండేది. దాని పేరు నర్సయ్య.

బీడీలు చుట్టే వాడల్లో అప్పట్లో వాడకు ఒక ఫోను. మగవాళ్లు దుబాయిలో, మస్కట్‌లో ఉండేవాళ్లు. ఫోను ఉన్న కిరాణా కొట్టుకు చేస్తే, కొట్టువాడు వెళ్లి పిలుచుకురావాలి. దాన్ని పీపీ నంబరు అనేవాళ్లం. ఆ వాడలో పీపీ నర్సయ్య. ఆయన వెళ్లి పిలిచే మనిషి కాదు. కొట్టు గడపలో నిలబడి అరిచేవాడు. పేరు అరిస్తే ఫరవాలేదు, సమాచారం మొత్తం అరిచేవాడు.

"ఓ బాలవ్వా! నీ పెనిమిటి అచ్చే నెల అస్తుండట! టేప్ రికార్డరు, రెండు దుప్పట్లు తెస్తుండట! తొందరగ రా, బిల్లు అయితుంది!"

బాలవ్వ బీడీల చాట పక్కన పెట్టి కొట్టుకు చేరేలోపు ఆమె ఆడబిడ్డ ఒక దుప్పటి అడిగేసేది. పిలవని చుట్టాలు సాయంత్రానికి వచ్చేవాళ్లు. బాలవ్వ ఎక్స్ఛేంజికి వచ్చి నా బల్ల ముందు ఫిర్యాదు చేసింది. నేను సైకిలు తీసుకుని నర్సయ్య కొట్టుకు పోయాను.

"పేరు పిలువు, సంగతి అరవకు" అన్నాను.

"ఫోను నాది సార్. గొంతు నాది. గడప నాది" అన్నాడు నర్సయ్య. "ఇష్టం లేనోళ్లు నా ఫోనుకు చేయిచ్చుకునుడు మానుకోమను."

శ్రావణీ, నీ కంపెనీ నియమాలు ఇరవై పేజీలు ఉంటాయన్నావు. చదివి చూడు. నర్సయ్య చెప్పిన ఈ రెండు మాటల కన్నా అందులో ఒక్క ముక్క ఎక్కువ ఉంటే నాకు చెప్పు.

నర్సయ్యను ఏ నియమం కిందా పట్టుకోలేకపోయాను. బాలవ్వే దారి కనిపెట్టింది. "సెలవు దొరకలే, ఏం తెస్తలే" అని నర్సయ్యకు చెప్పమని మొగుడికి ఉత్తరం రాయించింది. నర్సయ్య ఆ మాటనే నమ్మకంగా వాడంతా అరిచాడు. దుప్పట్లు అడిగినవాళ్లు దుఃఖపడి వెళ్లారు. తరవాతి నెలలో ఒక పొద్దున బాలవ్వ మొగుడు పెట్టెతో బస్సు దిగి, నర్సయ్య కొట్టు ముందు నుంచే నడిచి వెళ్లాడు. నర్సయ్యకు ఇది భరించరాని అవమానమైంది. "నా ఫోన్లకెళ్లి మాట్లాడి నాకే అబద్ధం చెప్పిండ్రా?" అని ఎక్స్ఛేంజికి వచ్చి నా మీద అరిచాడు. చెప్పించింది నేనే అనుకున్నాడు. కాదని నేను అనలేదు.

నేర్చుకోవలసింది: వివరాలు ఎవడి చేతిలో ఉంటే వాడు అవి తనవే అనుకుంటాడు. నువ్వు ఈ ఉద్యోగం చేసినన్ని రోజులూ నీకు కూడా అలాగే అనిపిస్తుంది. అనిపించిన ప్రతిసారీ నర్సయ్యను తలుచుకో.

ఇద్దరి పేర్లు రాయను

కోరుట్లలోనే ఒకామె ఫోను తీసుకుని, తన పేరు డైరెక్టరీలో అచ్చు వెయ్యొద్దని రాసిచ్చింది. అలా అడిగే హక్కు అందరికీ ఉండేది, అడిగేవాళ్లు తక్కువ. డైరెక్టరీలో పేరు పడటమే గొప్ప అనుకునే రోజులు. ఎందుకని నేను అడగలేదు. ఆమెను వెతుకుతున్న మనిషి తరవాత తనే వచ్చాడు కాబట్టి కారణం అర్థమైంది. తెల్ల అంగీ, నాలుగు ఉంగరాలు. నా దగ్గర నంబరు దొరక్కపోతే నేరుగా మా ఆఫీసరు గదిలోకి వెళ్లాడు. టీ కూడా తాగాడు.

ఆఫీసరు నన్ను పిలిచాడు. "ఏం లింబాద్రీ, మామూలు నంబరే కదా. ఇచ్చెయ్."

"కాగితం మీద రాసి సంతకం పెట్టండి సార్, ఇస్తాను" అన్నాను.

సంతకం పెట్టలేదు. ఆ మనిషి వెళ్లిపోయాడు. మర్నాడు నా బల్ల ఫ్యాను కింద నుంచి బ్యాటరీ గది గోడ పక్కకు మారింది. ఎండాకాలం అంతా అక్కడే కూర్చున్నాను. తరవాత సిరిసిల్లకు బదిలీ.

ఇదే ఆఫీసరు ఇంకో పని చేసేవాడు. కొత్త ఫోను కోసం దరఖాస్తు పెట్టినవాళ్ల వరస జాబితా అందరూ చూడవలసిన కాగితం. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఎవరైనా "నా వరుస ఎక్కడున్నది సార్" అంటే, "అది రహస్యం" అనేవాడు. ఒకసారి బీరువా తెరిచి ఉన్నప్పుడు నేను దాన్ని తీసి గోడకు అంటించాను. జనం గుంపుగా చదువుకున్నారు. గోడకు జిగురు మరక అయిందని నాకు మెమో ఇచ్చాడు.

చెప్పవలసింది దాచాడు, దాచవలసింది టీతో పాటు ఇవ్వబోయాడు. నా సర్వీసులో ఎన్నో రకాల అధికారులను చూశాను, చెడ్డవాళ్లందరిలోనూ ఉన్న జబ్బు ఇదొక్కటే. ఈ ఆఫీసరు తన కూతురి పెళ్లికి నన్నూ పిలిచాడు. వెళ్లాను, తిన్నాను, మాట్లాడకుండా వచ్చాను.

ఆ ఆఫీసరు పేరూ రాయను, ఆమె పేరూ రాయను. కారణాలు వేరు.

కరెంటు పోతేనే పని

సిరిసిల్లలో నా కష్టం ఇంకో రకం. పేర్లు. పద్మశాలీల ఊరు, ఒకటే ఇంటి పేరు వందల ఇళ్లకు, ఒకటే పేరు వీధికి నలుగురికి. అచ్చులో పేరు తప్ప ఇంకేమీ వెయ్యొద్దని పైనుంచి ఆర్డరు. డైరెక్టరీలో ఒక పేజీ సగం వరకు రాజేశం, రాజేశం, రాజేశం అని దిగుతూ పోయింది. వరసలో మొదటి రాజేశం రిటైరైన పంతులు. ఊరి రాజేశాలందరి ఫోన్లూ ఆయనకే వచ్చేవి. లేదనడం మర్యాద కాదని ఆ పెద్దమనిషి బట్టల ఆర్డర్లన్నీ శ్రద్ధగా వినేవాడు. సాయంత్రం చేతికర్ర పట్టుకుని బయలుదేరి, "నీకు సోలాపూర్ కెళ్లి తువ్వాలలు అడిగిండ్రు" అని ఎవరివి వాళ్లకు చేరవేసేవాడు. ఒక రోజు ఆయన ఎక్స్ఛేంజికి వచ్చి, "నాయినా, నేను పింఛను తీసుకునుడు కూడ మర్చిపోతున్న" అన్నాడు.

అప్పుడు నేను, మల్లేశం కలిసి ఇల్లిల్లూ తిరిగి గుర్తు పేర్లు అడగాలని నిర్ణయించాం. పగలు కార్ఖానాలో అడిగితే ఏమీ వినబడదు. సాంచాలు నడుస్తుంటే, అంటే మరమగ్గాలు నడుస్తుంటే, పక్క మనిషి ఏడ్చినా నవ్వినా ఒకటే. అందుకని కరెంటు పోయేదాకా ఆగేవాళ్లం. కరెంటు పోగానే వీధి మొత్తం ఒక్కసారి చప్పుడు ఆగిపోతుంది. మనుషులంతా దూది మీసాలతో బయటికి వచ్చి గడపల మీద కూర్చుంటారు. ఊరంతా ఒకేసారి చేతులు ఖాళీగా ఉండేది అప్పుడే. మల్లేశం తీగలు చూసేవాడు, నేను పేర్లు అడిగేవాణ్ని.

ఒక్కటే నియమం పెట్టుకున్నాను. గుర్తు పేరు ఆ మనిషి నోటి నుంచే రావాలి. పక్కవాడు చెబితే రాయను. పక్కవాళ్లు మాత్రం సంతోషంగా చెప్పేవాళ్లు, అందులో ఒక్కటీ రాయదగ్గది కాదు. ఒక రాజేశం దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. వీధి వీధి "మేకల రాజేశం, మేకల రాజేశం" అని కేకలు. నేను ఆయన ముఖం చూశాను.

"రాయి సార్" అన్నాడు చివరికి. "మా తాత కార్ఖానల మేక జొచ్చి నూలు తిన్నది. తిన్నది మేక, మోస్తున్నది నేను. రాయకుంటె నా ఆర్డర్లు గా పంతులు సారుకే పోతయ్."

ఆయన చెప్పాక రాశాను. ఆయన చెప్పకపోతే ఊరు ఊరంతా అరిచినా రాసేవాణ్ని కాదు. పేరు మనిషిది. పుస్తకం మాత్రమే మాది.

నంబరు లేని నంబర్ల కంపెనీ

ఇప్పుడు మళ్లీ సులోచన దగ్గరికి. ఫోను కొన్నప్పుడే షాపువాడు ఆ యాప్ వేసి ఇచ్చాడట, ఆమె అడక్కుండానే. సెలవుకు వచ్చిన శ్రావణిని కూర్చోబెట్టి ఆ ఫోను చేతిలో పెట్టాను. శ్రావణి పేరు మార్చడానికి చూసింది. అవడం లేదు. ఆ నంబరు మీద చాలామంది ఫిర్యాదు చేశారు కాబట్టి, ఆమె తన గురించి తాను చెప్పుకున్నది చెల్లదట.

"కంపెనీకి ఫోను చేద్దాం. నంబరు తియ్యి" అన్నాను.

శ్రావణి అంతా వెతికింది. "లేదు పెద్దబాపూ."

"ఏది లేదు?"

"ఫోను నంబరు. కంపెనీకి ఫోను నంబరు లేదు."

ఈ దేశంలో అందరి నంబర్లూ వాళ్ల దగ్గర ఉన్నాయి. వాళ్ల నంబరు ఎవరి దగ్గరా లేదు. నేను ఎంక్వయిరీలో అంతకాలం కూర్చున్నాను, ఇలాంటి చందాదారు నాకు తగల్లేదు.

ఫోను బదులు ఒక యంత్రం ఉంది, రాస్తే జవాబిస్తుంది. మర్యాద బాగా నేర్పారు. నేను సులోచన సంగతంతా తెలుగులో, పూర్తి వాక్యాల్లో రాశాను. "మీరు పాస్‌వర్డ్ మర్చిపోయారు. అవునా?" అని అడిగింది. కాదు అని నొక్కాను. "మీకు సహాయం చేయగలిగినందుకు సంతోషం. ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అంది. ఒక్కటి కూడా ఇవ్వకూడదనుకున్నాను. ఒకటికి తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. ఆ ఒక్క నక్షత్రం వాళ్లు నా దగ్గర గుంజుకున్నదే కానీ నేను ఇచ్చింది కాదు, ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆఫీసు చిరునామా సంపాదించి రిజిస్టరు పోస్టు పంపాను. ఇక్కడ ఎవరూ లేరని తిరిగి వచ్చింది. మా కాలంలో మమ్మల్ని తిట్టదలిస్తే జనం నేరుగా వచ్చేవాళ్లు. ఎల్లంతకుంట నుంచి ఒకాయన మోగని ఫోనును సంచిలో వేసుకొచ్చి, నా బల్ల మీద పడుకోబెట్టి, దానికి బంతిపూల దండ వేసి, అగరొత్తి కూడా ముట్టించాడు. అవమానమే, మర్చిపోలేదు. కానీ ఆయనకు దండ వెయ్యడానికి ఒక బల్ల, దాని వెనక ఒక మనిషి దొరికారు.

"ఒక్క తొవ్వ ఉన్నది" అంది శ్రావణి. "యాప్ ఉన్నోళ్లు చానమంది, గీమె మంచిదే, పేరు గిది అని నొక్కాలె. అప్పుడు ఎరుపు పోతది. నువ్వు గూడ యాప్ వేసుకొని నొక్కు."

నా ఫోను తీసి తనే వేసింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది.

"గీడ నొక్కు పెద్దబాపూ, అయిపోతది."

"నొక్కితె ఏమైతది?"

"నీ ఫోన్ల ఉన్న పేర్లు, నంబర్లు కంపెనీకి పోతయ్."

"వాళ్లను అడిగినవా?"

"ఎవలను?"

"నా ఫోన్ల ఉన్నోళ్లను."

"అందరు గట్లనె నొక్కుతరు" అంది.

నా వేలు తెర మీదే ఉంది. కోరుట్ల ఆమె నంబరు నా ఫోనులో ఉంది. ఇప్పుడు ఇంకెక్కడో ఉంటోంది. ఏడాదికి ఒకసారి నా బాగోగులు అడుగుతుంది. ఫ్యాను పోగొట్టుకుని, బ్యాటరీ గది గోడ పక్కన చెమటలు కక్కి కాపాడిన మనిషి నంబరు. దాన్ని ఒక్క వేలితో వదిలేయమంటోంది ఈ పిల్ల. ఆమె సంగతి చెప్పాను.

"నువ్వు ఇయ్యకున్న, ఆమె పక్కింటోళ్లు ఎప్పుడో ఇచ్చి ఉంటరు" అంది శ్రావణి. నిజమే అయి ఉంటుంది.

"వాళ్లు ఇచ్చింది వాళ్ల లెక్కల పడుతది. నా చేతికెళ్లి పోదు. తీసెయ్ గీ యాప్‌ను."

తీసేసింది. మొహం ముడుచుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర కూడా నాతో మాట్లాడలేదు. అదీ గుర్తుంది.

సాంచాలు ఆగిన రోజు

కొత్తవాళ్లెవరూ యాప్ వేసుకోవద్దు, అది నేను తేల్చుకున్నాను. ఇప్పటికే యాప్ ఉన్నవాళ్లు మాత్రం నొక్కాలి. సిరిసిల్లలో అలాంటివాళ్లు సరిపోయినంత మంది ఉన్నారు. కానీ వాళ్లందరినీ ఒకచోట పట్టుకోవడం ఎట్లా? కరెంటు ఇప్పుడు ఎక్కువగా పోదు. లైన్ల మరమ్మతు కోసం ఒక పూట కరెంటు తీస్తారని సులోచన ఫోను చేసి చెప్పింది. పొద్దున్నే బస్సెక్కాను.

సులోచన వాడ మొదట్లో నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నా, నా పేరు నేనే గిట్ల బజార్ల అడుక్కునుడు సిగ్గైతుంది."

"నువ్వు అడుక్కుంటలేవు. మల్లేశం, నేను తిరిగినట్టే తిరుగుతున్నం. నీ పేరు ఏమని పెట్టాలె? నువ్వు చెప్పు."

కొంగు నోటి మీద నుంచి తీసింది. "సులోచన అని పెట్టుండ్రి. యూనిఫాంలు కుడుతది అని పెట్టుండ్రి. మల్లేశం పేరు అద్దు. మొదలు మొదలు ఎర్రగనే అస్తది గదా. గాయన పేరు ఎర్రగ సూడలేను."

ఆమె ఈ మాట అంటుండగానే చప్పుడు ఆగిపోయింది. సాంచాలు నిలబడ్డాయి. వీధి మొత్తం గడపల మీదికి వచ్చింది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు, ఒక్కటే తేడా. మేకల రాజేశం అందరికన్నా ముందు గుర్తుపట్టాడు. జుట్టు నెరిసింది కానీ గొంతు సాంచాలను దాటి వినబడే గొంతే.

"ఓ ఆసాములూ! గిటు రాండ్రి! మల్లేశం భార్యను దొంగ అని రాసిండ్రట! యాప్ ఉన్నోళ్లు ఫోన్లు తియ్యుండ్రి!"

ఒక్కొక్కరి దగ్గరా సులోచన తన ఫోను నుంచి చేయడం, అవతల ఎర్రగా రావడం, వాళ్లు తిట్టుకుంటూ సరిచేయడం. ఒక కోడలు పిల్ల, "నాకు యాప్ లేదు, ఇప్పుడే వేసుకుంట" అంది. "అద్దు బిడ్డా, నువ్వు అదృష్టవంతురాలివి, గట్లనె ఉండు" అన్నాను. ఒకాయన, "మరి గీ లోన్ ఫ్రాడ్ అని రాసింది ఎవలు?" అన్నాడు. "మీ అసొంటోళ్లే. వాడి మీద కోపంల రాసిండ్రు. వాడు పోయిండు, కోపం గీమెకు అంటుకున్నది" అన్నాను.

మధ్యలో మేకల రాజేశానికి ఒక ఆలోచన వచ్చింది. "సార్, నీ నంబర్ గూడ సూద్దాం" అని, నాకు చెప్పకుండా నా నంబరు నొక్కించాడు. పక్కనున్న నలుగురి తెరల మీద ఒకేసారి వచ్చింది: "కిరికిరి లింబాద్రి సార్. ఎత్తొద్దు."

అందరూ కలిసి నవ్వారు. సులోచన కూడా, కొంగు వెనక.

"ఎవలు పెట్టిండ్రు?" అన్నాను.

"ఒక్కలు పెడితె గట్ల రాదు సార్" అన్నాడు రాజేశం. "చానమంది పెట్టుకుంటెనె అస్తది. నువ్వు గా మీ గల్లి డ్రైనేజీ సంగతికి ఎంతమందికి చేసినవో యాదికున్నదా?"

డ్రైనేజీ ఇప్పటికీ అలాగే ఉంది. అది వేరే సంగతి.

"నీది గూడ మార్చుమంటవా సార్? అందరం ఉన్నం, ఇప్పుడే అయిపోతది."

"అద్దు. మీ ఫోన్ల ఏమన్న పెట్టుకోండ్రి, అది మీ ఇంటి మాట. దాన్ని ఎత్కపోయి బజార్ల పెట్టినోడే మార్చాలె. వాడే మార్చేదాక నేను గట్లనె ఉంట."

రాజేశం తల ఊపాడు. "గందుకే సార్ గా పేరు" అన్నాడు.

కరెంటు వచ్చేసరికి మాకు గొంతులు పోయాయి. సాంచాలు మళ్లీ మొదలై మమ్మల్ని కాపాడాయి.

పనున్నోడు మల్ల చేస్తడు

వెంటనే ఏమీ మారలేదు. కొన్ని రోజులు ఎరుపే. సులోచన పొద్దున, సాయంత్రం నాకు ఫోను చేసి, "అన్నా, నీకు ఏమని అస్తుంది?" అనేది. నా ఫోనులో యాప్ లేదు, కాబట్టి నేను సేవ్ చేసుకున్న పేరే వస్తుంది. "సులోచన అని అస్తుంది" అనేవాణ్ని. ఆమెకు అది చాలదు, నాకు తెలుసు.

తరవాత ఒక రోజు ఎరుపు పోయింది. ఆ మర్నాడు పేరు వచ్చింది. ఆమె భయపడుతూ జగిత్యాలలో తనకు పరిచయం లేని ఒక బడికి ఫోను చేసింది. రెండో మోతకే ఎత్తారు. "యూనిఫాంల సులోచన గారా, చెప్పండి" అన్నారట. "గారా" అన్నారని ఆమె నాకు పదిసార్లు చెప్పింది. గంగాధర్ సేటు మాత్రం ఆగలేకపోయాడు, అంగీలు కరీంనగర్ వాళ్లకు ఇచ్చేశాడు. లాగులు, గౌన్లు ఆమెకే. అంగీల సంగతి నేను ఆయనతో ఇంకా మాట్లాడవలసి ఉంది.

బడులు తెరిచే ముందు ఒకసారి సిరిసిల్ల వెళ్లాను. ఆమె ఇల్లంతా నీలం గుడ్డ. మిషన్లు నాలుగు నడుస్తున్నాయి. ఆమె నేల మీద కూర్చుని గౌను కత్తిరిస్తోంది. పక్కన పెట్టిన ఫోను మోగింది. తెర ఎర్రగా అయింది. ఆమె కత్తెర ఆపకుండా, ఎడమ చేతి వేలితో ఆ ఫోను కట్ చేసింది.

"ఎవలు?" అన్నాను.

"ఎవలో ఫ్రాడ్‌గాళ్లు అన్నా. దినాం చేస్తరు."

కాసేపటికి టింగుమని ఒక మెసేజి వచ్చింది. చేతులకు సుద్ద అంటుకుందని నన్ను చదవమంది. అద్దాలు పెట్టుకుని చదివాను. ఆ యాప్ కంపెనీ నుంచి వచ్చింది. మీ నంబరు ఇప్పుడు చాలామందికి నమ్మకమైన వ్యాపారంగా కనబడుతోంది, కొద్దిపాటి రుసుముతో మీ పేరు పక్కన పచ్చ గుర్తు పెడతాం, ఈ విషయమై మా ప్రతినిధి ఇప్పుడే మీకు స్వయంగా ఫోను చేశారు, మీరు అందుబాటులో లేరు. ఈ నంబరుకు తిరిగి ఫోను చేయడం కుదరదు.

ప్రతినిధి అంటే మనిషి. అన్ని నెలలు నేను వెతికిన మనిషి. ఆయన తన కంపెనీ నుంచి, తన కంపెనీ యాప్‌లో, ఎర్రగా మోగాడు.

"చెల్లే, అది ఎవలో తెలుసా?" అన్నాను. వాళ్లు ఎవరో, నేను వాళ్లను ఎంత వెతికానో అంతా చెప్పాను.

ఆమె విని, దారం పళ్లతో తెంపింది.

"పోనియ్యన్నా. పనున్నోడైతె మల్ల చేస్తడు."

ఇంకా చెయ్యలేదు. నేను వారానికి ఒకసారి సిరిసిల్ల వెళ్లి ఆమె ఫోను పక్కన కూర్చుంటున్నాను.